మెషిన్ లెక్క బాగుంది, నిద్ర మాత్రం తీరడం లేదు: సీప్యాప్ వాడుతున్నవారు చెప్పగలరా?

ప్రశ్న: నిడదవోలు వాసి

అందరికీ నమస్కారం. నాకు 52 ఏళ్లు, రాజమహేంద్రవరంలో ఉద్యోగం చేస్తున్నాను. గురక నాకు ఎప్పటినుంచో ఉన్నదే. మా నాన్నగారికీ ఉండేది కనుక ఇంట్లో ఎవరూ దాన్ని జబ్బుగా లెక్కవేయలేదు. రెండు రకాల మాత్రలు వేసుకుంటున్నా బీపీ అదుపులోకి రాకపోవడంతో మా డాక్టరు గారికి అనుమానం వచ్చి స్లీప్ స్టడీ రాశారు. అందులో ఏహెచ్‌ఐ 41 వచ్చింది. నిద్రలో గంటకు సగటున అన్నిసార్లు నా ఊపిరి కనీసం పది సెకన్ల పాటు ఆగిపోవడమో, బాగా సన్నగిల్లడమో జరుగుతోందని, 30 దాటితే దాన్ని తీవ్రమైన స్లీప్ అప్నియాగా లెక్కిస్తారని ఆయన వివరించారు. ఒక దశలో ఆక్సిజన్ 76 శాతానికి పడిపోయినట్టు రిపోర్టులో ఉంది.

నిద్రలో గొంతు మూసుకుపోకుండా మాస్క్ ద్వారా గాలిని ఒత్తిడితో పంపుతూ, ఆ ఒత్తిడిని (ప్రెషర్) అవసరాన్ని బట్టి తానే మార్చుకునే ఆటో సీప్యాప్ మెషిన్‌తో పాటు, ముక్కు మీద మాత్రమే కూర్చునే నేసల్ మాస్క్ కొన్నాను. మెషిన్ తెచ్చిన కుర్రాడు మాస్క్ తొడిగి, పట్టీలు బిగించి, ప్రెషర్ 4 నుంచి 20 వరకు పెట్టి, వారం రోజుల్లో అలవాటైపోతుందని చెప్పి వెళ్లిపోయాడు. రెండు నెలలు దాటింది. పదిన్నరకు మాస్క్ పెట్టుకుని బాగానే నిద్రపోతున్నాను కానీ, తెల్లవారేసరికి అది తలగడ పక్కన ఉంటోంది. ఎప్పుడు తీశానో, ఎందుకు తీశానో నాకు తెలియదు. ఫోన్‌లోని యాప్ చూస్తే రెండింటికో రెండున్నరకో మెషిన్ ఆగిపోయినట్టు చూపిస్తుంది. విచిత్రం ఏమిటంటే అదే యాప్ ఏహెచ్‌ఐ 2.8 అని, అంతా బాగుందని పచ్చరంగులో మెచ్చుకుంటుంది. 5 లోపు ఉంటే మామూలే అంటారు కదా, మరి మధ్యాహ్నం ఫైలు ముందు పెట్టుకుని నేనెందుకు తూలుతున్నాను? తెల్లవారుజామున గురక పాతలాగే వినిపిస్తోందని మా ఆవిడ అంటోంది.

పొద్దున లేచేసరికి నోరు పిడచకట్టుకుపోతోంది, కడుపు ఉబ్బరంగా ఉంటోంది. ఈ గొట్టాలతో బాధపడే బదులు ఆపరేషన్ చేయించుకోమని మా అన్నయ్య పోరు పెడుతున్నారు. డాక్టరు గారి అపాయింట్‌మెంటు వచ్చే నెలలో ఉంది. ఈ చికిత్స నాకు సరిపడలేదని అనుకోవాలా, ఇంకొంత కాలం ఓపిక పట్టాలా? చాలా కాలంగా వాడుతున్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1: ఉక్కునగరం

నమస్కారమండీ. విశాఖలో ఉంటాను, సీప్యాప్ వాడడం మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది. మీ సందేహంలోని ముడి మీరు రాసిన సంఖ్యలోనే ఉంది. యాప్ చూపించే ఏహెచ్‌ఐ మాస్క్ మీ ముఖం మీద ఉన్న గంటలకు మాత్రమే వర్తిస్తుంది. రెండున్నరకు మాస్క్ తీసేశాక ఆరింటి వరకు మీ ఊపిరి ఎన్నిసార్లు ఆగిందో మెషిన్‌కు తెలిసే మార్గం లేదు. కనుక 2.8 అన్నది అబద్ధం కాదు, కానీ అది సగం రాత్రి కథే. మిగతా సగం గురించిన రిపోర్టు మీ ఆవిడ గారు ఇస్తున్నారు, దాన్ని నమ్మండి.

పైగా మీరు వదిలేస్తున్న సగం అన్నింటికన్నా విలువైన సగం. గాఢనిద్ర ఎక్కువగా రాత్రి మొదటి భాగంలో వస్తుంది. కలలు వచ్చే రెమ్ నిద్ర విడతలు విడతలుగా వస్తూ, తెల్లవారుజాముకు చేరేకొద్దీ నిడివి పెంచుకుంటుంది. ఆ దశలో శరీరంలోని కండరాలు దాదాపు పూర్తిగా వదులైపోతాయి, నాలుకను, గొంతును తెరిచి ఉంచే కండరాలు కూడా. అందుకే చాలామందిలో ఊపిరి ఎక్కువసేపు ఆగేదీ, ఆక్సిజన్ లోతుగా పడిపోయేదీ ఆ వేళలోనే. మీ స్లీప్ స్టడీ రిపోర్టులో రెమ్ నిద్రకు విడిగా ఏహెచ్‌ఐ ఇచ్చారేమో చూడండి. అది మొత్తం సగటు కన్నా ఎక్కువగా ఉంటే, మధ్యాహ్నపు తూలుకు కారణం కోసం మరెక్కడా వెతకనక్కర్లేదు.

ఇక చెయ్యి దానంతట అదే మాస్క్ ఎందుకు లాగేస్తోందన్నది తేల్చాలి. మెషిన్ పక్కన చిన్న మూత కింద మెమరీ కార్డు ఉంటుంది. దాన్ని కంప్యూటర్‌లో పెట్టి, ఆస్కార్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెరిస్తే రాత్రంతా నిమిష నిమిషానికి ప్రెషర్, లీక్ ఎలా ఉన్నాయో గీతల రూపంలో కనిపిస్తుంది. మీరు చూడవలసింది మాస్క్ తీయడానికి ముందటి అరగంట. అక్కడ లీక్ గీత పైకి లేచి ఉంటే (నా మెషిన్ డేటాలో నిమిషానికి 24 లీటర్ల దగ్గర ఎర్ర గీత ఉంటుంది) గాలి కళ్లలోకి కొట్టడమో, నోటి గుండా పోవడమో మిమ్మల్ని కదిలిస్తోందని అర్థం. లీక్ లేకుండా ప్రెషర్ మాత్రం ఒక్కసారిగా ఎక్కి ఉంటే అది వేరే కథ.

మాస్క్ అమరిక గురించి ఒక మాట. కూర్చుని, మెషిన్ ఆన్ చేయకుండా బిగించిన మాస్క్ పడుకున్నాక నిలవదు, ఎందుకంటే వెల్లకిలా పడుకుంటే బుగ్గల కండ జారి ముఖం ఆకారమే మారుతుంది. మీరు మామూలుగా పడుకునే భంగిమలోనే పడుకుని, మెషిన్ ఆన్ చేసి, పట్టీలన్నీ వదులు చేయండి. మాస్క్‌ను ముఖానికి కొంచెం దూరంగా లాగి, మెత్తటి సిలికాన్ అంచు గాలితో ఉబ్బాక నెమ్మదిగా ముక్కు మీదకు వదలండి. అప్పుడు ముందు కింది పట్టీలను, తరువాత పై పట్టీలను, ఈలపాట లాంటి చప్పుడు ఆగేంత వరకే బిగించండి. పట్టీ కింద వేలు సులువుగా దూరాలి. లీక్ అవుతోందని ఇంకా ఇంకా బిగిస్తే ఆ అంచు నలిగిపోయి, లీక్ ఎక్కువవుతుందే తప్ప తగ్గదు. రాత్రి పడుకునేముందు ముఖం సబ్బుతో కడుక్కోండి. కొబ్బరినూనె, క్రీము రాసిన ముఖం మీద సిలికాన్ జారుతుంది, త్వరగా పాడవుతుంది కూడా.

సమాధానం 2: శ్వాస విభాగం

నేను హైదరాబాద్‌లో రెస్పిరేటరీ థెరపిస్ట్‌గా పనిచేస్తాను. పై సమాధానంలోని విషయాలతో ఏకీభవిస్తూ, మీ ప్రెషర్ గురించి రాస్తాను.

4 నుంచి 20 అన్నది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పరిధి. అది ఎవరికీ కుట్టించిన చొక్కా కాదు. తీవ్రమైన అప్నియా ఉన్న పెద్దవారికి 4 సెంటీమీటర్ల ప్రెషర్ (దీన్ని నీటిమట్టం సెంటీమీటర్లలో కొలుస్తారు) చాలా తక్కువ. కొందరికి గాలి చాలనట్టు, ఉక్కిరిబిక్కిరి అవుతున్నట్టు అనిపిస్తుంది. ఆటో మెషిన్ గొంతు మూసుకుపోవడం మొదలైన సంకేతాలు అందాకనే ప్రెషర్ పెంచుతుంది. అంత కింద నుంచి ఎక్కవలసి వచ్చినప్పుడు, రెమ్ నిద్రలో అవసరం హఠాత్తుగా పెరిగితే, అది అందుకునేలోపే కొన్ని సార్లు ఊపిరి ఆగిపోతుంది, మెలకువ రాకుండానే నిద్ర చెదిరిపోతుంది, చెయ్యి మాస్క్ మీదకు పోతుంది. పై పరిధి 20 దాకా తెరిచి ఉండడం వల్ల లీక్ ఉన్న రాత్రుల్లో ప్రెషర్ అనవసరంగా ఎక్కే ప్రమాదమూ ఉంది. మీ డేటాలో 95 శాతం సమయం ఎంత ప్రెషర్ లోపల గడిచిందో ఒక సంఖ్య ఉంటుంది. సాధారణంగా డాక్టర్లు దాన్నీ, మధ్యస్థ ప్రెషర్‌నూ చూసి కింది హద్దు పెంచి, పై హద్దు తగ్గిస్తారు. ఈ మార్పు మీ అంతట మీరు చేసుకోకండి, వచ్చే నెల వరకు ఆగనూ వద్దు. కార్డు తీసుకుని ముందే వెళ్లండి.

కడుపు ఉబ్బరం గాలి మింగడం వల్ల వస్తుంది. ఊపిరి వదిలే సమయంలో ప్రెషర్‌ను 1 నుంచి 3 సెంటీమీటర్ల వరకు తగ్గించే సదుపాయం చాలా మెషిన్లలో ఉంది, దాని గురించి అడగండి. తల వైపు మంచాన్ని కొద్దిగా ఎత్తడం, ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం, రాత్రి భోజనానికీ నిద్రకూ మధ్య వ్యవధి ఉంచడం కొందరికి పనిచేస్తాయి. నోరు ఎండిపోతోందంటే ముక్కులోకి వచ్చిన గాలి నోటి గుండా బయటకు పోతోందని నా అనుమానం. ముక్కు బిగదీసి ఉన్నవారు నోరు తెరవక తప్పదు. కాబట్టి గడ్డానికి పట్టీ కట్టే ముందు ఈఎన్‌టీ డాక్టరుకు ముక్కు చూపించండి. ముక్కు మూసుకుపోయినవారి నోటికి టేపు వేసే పద్ధతిని మాత్రం నేను సమర్థించను.

ఆపరేషన్ మాటకొస్తే, మీ అన్నయ్య గారి అభిప్రాయాన్ని తేలిగ్గా తీసేయనక్కర్లేదు. టాన్సిల్స్ బాగా పెద్దవిగా ఉన్నవారికి, దవడ నిర్మాణంలో స్పష్టమైన లోపం ఉన్నవారికి శస్త్రచికిత్స మేలు చేస్తుంది. అయితే అంగిలి వెనుక భాగాన్ని కత్తిరించే ఆపరేషన్ ఫలితం అందరిలో ఒకేలా ఉండదు. ఆస్ట్రేలియాలో కాలిన్ సలివాన్ బృందం సీప్యాప్‌ను 1981లో ప్రచురించే వరకు, తీవ్రమైన రోగులకు నమ్మకంగా పనిచేసిన చికిత్స గొంతుకు రంధ్రం చేసి గొట్టం అమర్చడమే. ఈ మాస్క్ ఎందుకు వచ్చిందో తెలియడానికి ఇది రాస్తున్నాను.

మరొక పని మీరు ఈ రోజే మొదలుపెట్టవచ్చు. సాయంత్రం టీవీ చూస్తూనో, పేపరు చదువుతూనో మాస్క్ పెట్టుకుని, మెషిన్ ఆన్ చేసి కాసేపు కూర్చోండి. నిద్రతో సంబంధం లేకుండా, మెలకువగా ఉండగా ముఖం ఆ స్పర్శకు అలవాటు పడితే, నిద్రలో చెయ్యి దాన్ని పరాయి వస్తువుగా భావించడం తగ్గుతుంది. పగటి కునుకు తీసినా మాస్క్‌తోనే తీయండి. పూర్తిగా తేరుకునే వరకు, నిద్ర మత్తుగా ఉన్న రోజున స్కూటరు, కారు నడపకండి. బీపీ మాత్రలు డాక్టరు చెప్పకుండా ఆపకండి. సీప్యాప్ వల్ల బీపీ తగ్గినా ఆ తగ్గుదల సాధారణంగా కొద్దిపాటిదే.

సమాధానం 3: న్యూజెర్సీ తెలుగు

నేను ఉండేది అమెరికాలో. ఇక్కడ మెడికేర్ (ముఖ్యంగా వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) నియమం ఒకటి ఉంది: మొదటి మూడు నెలల్లో ఏదో ఒక వరుస 30 రోజుల్లో, కనీసం 70 శాతం రాత్రులు నాలుగు గంటలకు తగ్గకుండా వాడితేనే మెషిన్ ఖర్చు భరించడం కొనసాగిస్తారు. ప్రైవేటు ఇన్సూరెన్సులూ చాలావరకు ఇదే కొలత పెట్టుకున్నాయి. దాని దుష్ఫలితం ఏమిటంటే, నాలుగు గంటలు అయ్యాయా అని చూసుకుని మాస్క్ తీసి పక్కన పెట్టేవారిని నేను చాలామందిని చూశాను. నాలుగు గంటలు బిల్లు కట్టేవారి పాస్ మార్కు మాత్రమే, మీ గుండెకూ మెదడుకూ ఆ లెక్కతో పనిలేదు. మీ యాప్ పచ్చరంగు చూపడం వెనుకా ఇలాంటి కొలతే ఉండవచ్చు.

ఒక విషయంలో ఉక్కునగరం గారితో విభేదిస్తాను. గీతలు చూడడం మొదలుపెడితే కొందరు ప్రతి ఉదయం వాటితోనే కుస్తీ పడతారు, నిన్న 1.9, ఈరోజు 3.4 అని బెంగపెట్టుకుంటారు. ఆ తేడాకు అర్థం లేదు. మాస్క్ ఎందుకు తీస్తున్నారో తెలుసుకోవడానికి కొన్ని రాత్రుల డేటా చూడండి, కారణం దొరికాక కార్డు మళ్లీ మెషిన్‌లో పెట్టి మరచిపోండి. ఒకటి మాత్రం చూడండి: ఊపిరి ఆగిన ఘటనల్లో గొంతు మూసుకుపోయినవి ఎన్ని, గొంతు తెరిచే ఉన్నా మెదడు నుంచి సంకేతం రానివి ఎన్ని అని మెషిన్ విడదీసి చూపుతుంది. రెండో రకం సీప్యాప్ మొదలుపెట్టిన కొత్తలో కొందరిలో కనిపించి, వారాలు నెలలు గడిచేకొద్దీ చాలామందిలో దానంతట అదే తగ్గుతుంది. తగ్గకపోతే, ముఖ్యంగా గుండె జబ్బు ఉన్నవారైతే, డాక్టరుకు తప్పక చూపించాలి.

సమాధానం 4: గుంటూరు గృహిణి

మావారు ఆరేళ్లుగా వాడుతున్నారు కనుక పక్కన పడుకునేవారి వైపు నుంచి రాస్తున్నాను. మొదట్లో ఆయనా ఇలాగే నిద్రలో తీసేసేవారు. గురక వినిపించగానే నేను భుజం తట్టి మాస్క్ చేతికి ఇవ్వడం, ఆయన విసుక్కోకుండా పెట్టుకోవడం అని ఇద్దరం ముందే మాట్లాడుకున్నాము. అర్ధరాత్రి నిద్రమత్తులో మాట్లాడుకుంటే అది గొడవగానే ముగుస్తుంది, పగలే ఒప్పందం చేసుకోండి. మాలో తేడా మొదట తెలిసింది గురకలో కాదు, బాత్రూముకు లేవడంలో. షుగరు వల్లనో, వయసు వల్లనో అనుకుని మూడు నాలుగుసార్లు లేచేవారు ఒక్కసారికి వచ్చారు. ఊపిరి కోసం మూసుకున్న గొంతుతో పెనుగులాడేటప్పుడు గుండె మీద పడే లాగుడు వల్ల మూత్రాన్ని పెంచే హార్మోన్ విడుదలవుతుందని, ఊపిరి ఆగడం తగ్గితే అదీ తగ్గుతుందని మా డాక్టరు గారు చెప్పారు.

మెషిన్ పంపే గాలికి తేమ కలిపే నీటి డబ్బా, అంటే హ్యూమిడిఫైయర్ గురించి ఎవరూ రాయలేదు. నోరు, ముక్కు ఎండిపోయేవారికి దాని అవసరం చాలా ఉంది. అందులో డిస్టిల్డ్ వాటరే పోయాలి. బబుల్ క్యాన్ నీళ్లు పోస్తే అడుగున తెల్లటి పొర కడుతుంది. బ్యాటరీల కోసం అమ్మే నీటిని కొందరు వాడుతున్నారు; అది మనిషి పీల్చే గాలి కోసం తయారుచేసింది కాదు, మేము వాడము. మిగిలిన నీరు రోజూ పారబోసి డబ్బా ఆరబెట్టాలి. ఏసీ గదిలో గొట్టం చల్లబడితే లోపలి తేమ నీటి బొట్లుగా మారి ముక్కు మీదకు జారుతుంది, మనిషి ఉలిక్కిపడి మాస్క్ లాగేస్తారు. మీకు ఆ సమయానికి ముక్కు దగ్గర తడిగా ఉంటోందా? ఉంటే గొట్టానికి గుడ్డ తొడుగు వేయడం, తేమ ఒక మెట్టు తగ్గించడం చేయండి. వానాకాలంలో మేము ఎలాగూ తగ్గిస్తాము.

కరెంటు పోయినప్పుడు మెషిన్ ఆగి మెలకువ వచ్చి, మాస్క్ తీసి మళ్లీ పెట్టుకోకపోవడం కూడా మా ఇంట్లో జరిగింది. ఇన్వర్టర్ లైనులోకి ఆ ప్లగ్గు మార్పించండి. నీటిని వేడిచేసే భాగమే ఎక్కువ కరెంటు తాగుతుంది, కనుక బ్యాటరీ మీద నడిచేటప్పుడు దాన్ని ఆపుకుంటే చాలాసేపు వస్తుంది.

నిడదవోలు వాసి

అందరికీ కృతజ్ఞతలు. అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా కార్డు తీసుకుని వెళ్లాను. మా అబ్బాయి ఆస్కార్ పెట్టి చూపించాడు: ఒంటిగంట దాటాక లీక్ గీత ఎక్కడం, దాని వెంటే ప్రెషర్ 14 వరకు పోవడం, ఆ తరువాత గీతలు ఆగిపోవడం దాదాపు ప్రతి రాత్రీ ఉంది. రిపోర్టులో రెమ్ నిద్రకు విడిగా ఏహెచ్‌ఐ 63 అని ఉంది. ఆ పేజీ నేను అంతకుముందు తిప్పనే లేదు. ముక్కు దూలం ఒక పక్కకు వంగి ఉందని, లోపల వాపు ఉందని ఈఎన్‌టీ డాక్టరు గారు స్ప్రే రాశారు. ప్రెషర్ 8 నుంచి 14 మధ్య పెట్టారు, ఊపిరి వదిలేటప్పుడు తగ్గే సదుపాయం ఆన్ చేశారు, నోరు కూడా కప్పే ఫుల్ ఫేస్ మాస్క్ ఇచ్చారు.

ఇప్పుడు నాలుగున్నర, ఐదు వరకు మాస్క్ నిలుస్తోంది. పూర్తి రాత్రి నిలిచినవీ ఉన్నాయి. అలాంటి రాత్రుల్లో విపరీతంగా కలలు వస్తున్నాయి, ఇది మంచిదేనా? మధ్యాహ్నపు తూలు తగ్గింది కానీ పోలేదు. ఉబ్బరం బాగా తగ్గింది. కొత్త ఇబ్బంది, ముక్కు పైభాగాన చర్మం కందిపోయి మండుతోంది. వచ్చే నెల రైలులో కాశీ వెళ్లవలసి ఉంది, అక్కడ దీన్ని ఎలా వాడాలో కూడా చెప్పగలరు.

శ్వాస విభాగం

కలలకు భయపడకండి. చాలా కాలంగా తెగిపోతూ వచ్చిన రెమ్ నిద్ర ఇప్పుడు దొరుకుతోంది కనుక శరీరం దాన్ని ఎక్కువగా తీసుకుంటోంది, కొన్నాళ్లకు సర్దుకుంటుంది. చర్మం కందిన చోట ముందుగా పై పట్టీ ఒక అర అంగుళం వదులు చేసి చూడండి, చర్మం పుండుగా మారేలా ఉంటే పలుచని నూలు గుడ్డ లైనరు వేయండి. ముక్కు వాపు తగ్గాక కొన్ని రాత్రులు పాత నేసల్ మాస్క్, కొన్ని రాత్రులు ఇది మార్చి మార్చి వాడితే ఒకే చోట ఒత్తిడి పడదు. ముక్కు పైభాగాన్ని తాకకుండా కిందినుంచి ఆనే ఫుల్ ఫేస్ మాస్కులు కూడా వస్తున్నాయి. కొన్ని మాస్కుల క్లిప్పులలో అయస్కాంతం ఉంటుంది. మీకు గానీ, పక్కన పడుకునేవారికి గానీ పేస్‌మేకర్ వంటి పరికరం శరీరంలో ఉంటే అలాంటివి వాడరాదు.

తూలు మాస్క్ నిలిచిన గంటలతో పాటే తగ్గాలి. రాత్రంతా నిలకడగా వాడుతున్నా కొన్ని నెలల తరువాత కూడా మిగిలితే, మందులు, థైరాయిడ్, నిద్రకు కేటాయించే సమయం వంటి ఇతర కారణాలను డాక్టరు పరిశీలిస్తారు. మీ బరువు చెప్పుకోదగ్గంత తగ్గినా, పెరిగినా ప్రెషర్ మళ్లీ చూపించుకోవాలి.

రైలులో రాత్రి 11 నుంచి ఉదయం 5 వరకు బెర్తుల దగ్గర ఛార్జింగ్ సాకెట్లకు కరెంటు ఆపేసే పద్ధతి చాలా చోట్ల ఉంది, కనుక సాకెట్‌ను నమ్ముకోకండి. మీ మెషిన్ మోడల్‌కు సరిపోయే బ్యాటరీ ప్యాక్ అద్దెకు దొరికితే తీసుకుని, ప్రయాణానికి ముందే ఇంట్లో ఒక రాత్రి దాని మీద నడిపి చూడండి. హ్యూమిడిఫైయర్ ఖాళీ చేసి విడిగా సర్దండి, నీరు మిగిలి ఉండగా మెషిన్‌ను వంచితే లోపలికి పోతుంది. బ్యాటరీ ఏర్పాటు కాకపోతే ఆ రాత్రి పక్కకు తిరిగి పడుకోండి, నిద్రమాత్రలు వేసుకోకండి, కాశీ చేరిన రాత్రి నుంచి మళ్లీ మాస్క్ పెట్టుకోండి.